నీలం బోగీ మీద పసుపు అక్షరాలు కనబడాలంటే

ప్రశ్న: మాది కాజీపేట. నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఎక్కువగా తిరిగిన గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌ను హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు సైజులో 87వ వంతు) చేసి ఇవ్వాలని నాలుగు ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ డిజైన్) బోగీలు త్రీడీ ప్రింట్ చేయించుకున్నాను. ముదురు నీలం వేసి, కిటికీల పట్టీకి లేత నీలం వేశాను. అక్షరాల దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ముందు డీటీపీ సెంటర్‌లో స్టిక్కర్ కొట్టించాను, అంచులు లావుగా లేచి కనబడ్డాయి. తర్వాత ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌పరెంట్ వాటర్ స్లైడ్ డెకాల్ పేపర్ (నీళ్లలో ముంచితే పైన అచ్చుతో ఉన్న సన్న పొర జారి వచ్చే కాగితం) తెప్పించి, ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్‌లో పసుపు నంబర్లు ప్రింట్ తీశాను. నీళ్లలో వేయగానే కొంత రంగు కారిపోయింది. మిగిలింది బోగీ మీద పెడితే అక్షరాలే కనబడలేదు, చుట్టూ తెల్లటి పొర మాత్రం మెరుస్తోంది. లేజర్ ప్రింటర్ కొనాలా? విదేశాల్లో ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలా? ముందుముందు బాక్స్‌ఎన్ సరుకు వ్యాగన్లు కూడా చేయాలని ఉంది.

జవాబు: లేజర్ ప్రింటర్ కొనకండి. మీకు ఎదురైనవి మూడు వేరువేరు సమస్యలు, మీరు మూడింటినీ ప్రింటర్ ఖాతాలో వేస్తున్నారు. రంగు కారడం స్ప్రే డబ్బాతో పోతుంది. పొర మెరవడం అంటించే పద్ధతి మార్చుకుంటే పోతుంది. అక్షరాలు కనబడకపోవడం మాత్రం ఇంట్లో ఉండే ఏ ప్రింటర్‌తోనూ పోదు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

ప్రింటర్‌లోని పసుపు ఇంకు, పెయింట్ డబ్బాలోని పసుపు ఒకటి కావు. ప్రింటర్ ఇంకులోంచి వెలుతురు దూరిపోతుంది. కింద తెల్ల కాగితం ఉంటే ఆ వెలుతురు కాగితానికి తగిలి వెనక్కి వస్తుంది, అప్పుడే మన కంటికి పసుపు కనబడుతుంది. కింద ముదురు నీలం ఉంటే వెనక్కి వచ్చేదేమీ ఉండదు. మీ అక్షరాలు ఊడిపోలేదు, అక్కడే ఉన్నాయి. కావాలంటే బోగీని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, ఆకారం తెలుస్తుంది. లేజర్ టోనర్‌తోనూ ఇదే గొడవ. మామూలు ప్రింటర్లలో తెలుపు అనే రంగే లేదు, దాన్ని కాగితం నుంచే తీసుకుంటాయి. ట్రాన్స్‌పరెంట్ డెకాల్‌లో ఆ తెల్ల కాగితం లేదు కదా.

మోడల్ రైళ్లు చేసేవాళ్లందరికీ ఇది పాత తలనొప్పే. అమెరికాలో, యూరప్‌లో ఒకప్పుడు చాలామంది ఆల్ప్స్ కంపెనీ ఎండీ వరస ప్రింటర్లు దాచుకుని మరీ వాడుకునేవారు. అవి ద్రవం ఇంకుతో కాకుండా రంగు రిబ్బన్‌ను వేడితో అద్దేవి. వాటికి తెలుపు రిబ్బనూ దొరికేది, మెరిసే లోహపు రంగులూ దొరికేవి. తయారీ ఎప్పుడో ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో కనబడితే టెంప్ట్ అవకండి, రిబ్బన్ల వేటే ఒక ఉద్యోగమైపోతుంది. తర్వాత ఓకీ కంపెనీ తెల్ల టోనర్ వేసే లేజర్ ప్రింటర్లు తెచ్చింది. కొన్ని మామూలు కలర్ లేజర్లలో నల్ల కార్ట్రిడ్జ్ తీసి ఆ చోట తెల్ల టోనర్ పెట్టే ఏర్పాటు కూడా ఉంది. నాలుగు బోగీల కోసం ఇవన్నీ కొనుక్కోవడం నా దృష్టిలో దండగ. అయితే టీషర్టుల మీద ట్రాన్స్‌ఫర్లు వేసే షాపుల్లో తెల్ల టోనర్ మిషన్ ఉండే అవకాశం ఉంది. మీ ఊళ్లోనో వరంగల్‌లోనో అలాంటిది కనబడితే మీ లేజర్ డెకాల్ పేపర్ మీద ఒక షీట్ వేసిపెడతారేమో అడగండి, అడిగితే పోయేదేం లేదు.

కప్పుల మీద, వాటర్ బాటిళ్ల మీద అంటించే యూవీ డీటీఎఫ్ స్టిక్కర్లు ఇప్పుడు వీధికో షాపులో కొడుతున్నారు. వాటిలో తెల్ల ఇంకు ఉంటుంది కాబట్టి అక్షరం బ్రహ్మాండంగా కనబడుతుంది. కానీ ఇంకు మీద వార్నిష్ పొర కూడా పడి అక్షరం చేతికి తగిలేలా ఉబ్బుతుంది. బాటిల్ మీద అది అందమే. రెండు మిల్లీమీటర్ల బోగీ నంబర్ మీద మాత్రం అంచులు లేచిన మీ పాత స్టిక్కర్ బాధే మళ్లీ మొదలవుతుంది.

మీకు నిజంగా కావలసింది తెలుపు కాదు. నీలం బోగీ మీద ఉన్నది ఒకే రంగు, పసుపు. దానికి కింద తెలుపు వేసి పైన పసుపు వేయాల్సిన పనే లేదు, కింది నీలాన్ని కప్పేసే చిక్కటి పసుపు ఇంకు ఒక్కటి దొరికితే చాలు. అది స్క్రీన్ ప్రింటింగ్‌లో దొరుకుతుంది. పెళ్లి శుభలేఖలు వేసే షాపు మీ బజారులో ఉండే ఉంటుంది. సైకిళ్ల ఫ్రేముల మీద డెకాల్స్, పింగాణీ కప్పుల మీద పువ్వులు కూడా స్క్రీన్ ప్రింటింగ్‌తో చేసేవే. విదేశాల్లో మోడల్ రైళ్ల డెకాల్స్ అమ్మే పెద్ద కంపెనీల షీట్లలో చాలావరకు ఇలా అచ్చువేసినవే.

షాపుకు వెళ్లి "డెకాల్ వేయాలి" అంటే ఆయన మీ వంక వింతగా చూస్తాడు. "ఈ కాగితం మీద ఒక్క రంగు వేయాలి, అక్షరం చాలా సన్నం, కాగితానికి తడి తగలకూడదు" అనండి, అర్థమవుతుంది. నాలుగు విషయాలు మాత్రం మీరే పట్టుబట్టాలి. ఒకటి, ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీసిన పాజిటివ్‌తో (స్క్రీన్ తయారుచేయడానికి వాడే మూలంతో) పని కానివ్వద్దు. శుభలేఖకు అది సరిపోతుంది కానీ ఇంత చిన్న అక్షరానికి అంచులు రంపంలా వస్తాయి, కాబట్టి ఫిల్మ్ పాజిటివ్ తీయించండి. రెండు, మెష్ సన్నగా ఉండాలి. సెంటీమీటరుకు 120 దారాలకు తగ్గకుండా ఉన్న బట్ట బిగించమనండి. బట్ట ముతకదైతే సున్న, ఎనిమిది అంకెల కడుపులు పూడుకుపోతాయి. మూడు, వినైల్ మీద వేసే పీవీసీ ఇంకు కావాలి. డెకాల్ వంగుతుంది కాబట్టి ఇంకు కూడా వంగాలి, నీళ్లలో నానినా ఊడకూడదు. నాలుగు, పసుపులో చిటికెడు తెలుపు కలపమనండి, అలా కలిపితే కింది రంగును కప్పే గుణం పెరుగుతుంది. ఒక నీలం ముక్క వెంట తీసుకెళ్లి దాని మీద ముందు ఒకసారి లాగి చూపించమనండి. ఎండాక పసుపు పసుపుగానే ఉంటే అప్పుడు డెకాల్ పేపర్ చేతికివ్వండి.

షీట్‌లో ఒక నంబరున్నా, వంద నంబర్లున్నా స్క్రీన్ ఒకటే. అందుకని ఏ4 అంతా నింపేయండి. మీ నాలుగు బోగీల నంబర్లు ఒక్కొక్కటీ మూడేసి సార్లు పెట్టండి. జోన్ పేరు హిందీలో, ఇంగ్లిష్‌లో పెట్టండి. సున్న నుంచి తొమ్మిది దాకా విడి అంకెలు నాలుగైదు వరసలు వేసుకోండి, రేపు ఇంకో బోగీ చేస్తే కత్తిరించి కూర్చుకోవచ్చు. మిగిలిన ఖాళీలో ఇంకో మిత్రుడి నంబర్లు పెట్టి ఖర్చు సగం పంచుకుంటే మరీ మంచిది.

ఇక డిజైన్. అసలు అక్షరం ఎన్ని మిల్లీమీటర్లో దాన్ని 87తో భాగిస్తే హెచ్‌ఓ కొలత వస్తుంది. అసలు కొలత తెలియకపోతే ఫొటో చాలు. ఐసీఎఫ్ బోగీ బాడీ పొడవు 21,337 మిల్లీమీటర్లు, అంటే మీ మోడల్ 245 మిల్లీమీటర్లు ఉండాలి. ముందు స్కేలు పెట్టి చూసుకోండి, త్రీడీ ప్రింట్లు ఒక్కోసారి కురచగా వస్తాయి. బోగీకి ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో బాడీ పొడవు 4,000 పిక్సెళ్లు వచ్చి, నంబర్ ఎత్తు 28 పిక్సెళ్లు వచ్చిందనుకోండి. 28ని 4,000తో భాగించి 245తో గుణిస్తే 1.7 మిల్లీమీటర్లు. అదే మీ అంకె ఎత్తు. ఏటవాలుగా తీసిన ఫొటోతో ఈ లెక్క పనిచేయదు. అలాంటప్పుడు నంబర్ పక్కనే ఉన్న తలుపునో కిటికీనో కొలబద్దగా తీసుకోండి.

అక్షరాలను ఇంక్‌స్కేప్‌లో గానీ కోరల్‌డ్రాలో గానీ గీయండి, ఫొటోషాప్ బొమ్మగా ఇవ్వొద్దు. బోగీ నంబర్లు చాలావరకు పెయింటర్ స్టెన్సిల్ పెట్టి కొట్టినవి. వాటికి సరిగ్గా సరిపోయే ఫాంట్ కోసం రాత్రంతా వెతకడం కంటే ఫొటోను కింద పెట్టుకుని పది అంకెలూ ట్రేస్ చేసుకోవడం తేలిక. ఒక్క సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది, పైగా మీ బోగీ మీద ఉన్న ఆ వంకర ఏడు అంకె ఏ ఫాంట్‌లోనూ దొరకదు. గీత మందం 0.15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి, అంతకంటే సన్నగీత స్క్రీన్‌లో తెగిపోతుంది.

తెలుగు దగ్గర ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఒకే ఎత్తులో నిలబడతాయి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు కావాలి. గోల్కొండలో ల కింద క వత్తు, ఎక్స్‌ప్రెస్‌లో వత్తు మీద వత్తు. రైలు పేరు బోర్డులో తెలుగు వరసకు మొత్తం 1.7 మిల్లీమీటర్లు దొరికితే అసలు అక్షరానికి మిగిలేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇక్కడ లావు ఫాంట్ వేస్తే అంతా ముద్దవుతుంది. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో రామభద్ర బ్యానర్‌కు బాగుంటుంది గానీ ఈ పనికి రాదు. మండలి లాంటి సన్నటిది తీసుకుని, అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచి, వత్తును ఒక వెంట్రుకవాసి కిందికి జరపండి. చివరికి అన్నిటినీ పాత్‌గా (ఫాంట్ అవసరం లేని గీతలుగా) మార్చండి, కోరల్‌డ్రాలో అయితే కన్వర్ట్ టు కర్వ్స్. ఇది మర్చిపోయి ఫైల్ ఇచ్చారో, షాపులో అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్లో మీ యూనికోడ్ తెలుగు విడిపోయి, వత్తులు ఎక్కడివక్కడ పడి ఉంటాయి. ఫైల్ తెరవగానే పక్కన నిలబడి ఒకసారి చదువుకోండి.

ఖర్చు పెట్టేముందు డిజైన్‌ను మామూలు కాగితం మీద నూటికి నూరు శాతం సైజులో ప్రింట్ తీసి, కత్తిరించి, బోగీ మీద పెట్టి చూడండి. ప్రింట్ సెట్టింగ్‌లో "ఫిట్ టు పేజ్" టిక్ ఉంటే తీసేయండి, లేదంటే మీ లెక్కలన్నీ నాలుగైదు శాతం కుదించుకుపోతాయి.

అన్నిటికీ స్క్రీన్ అక్కర్లేదు. బోగీ పక్కన ఉండే రైలు పేరు బోర్డు అసలు రైల్లో కూడా విడిగా తగిలించే రేకే. మీ ఇంక్‌జెట్‌లో మంచి ఫొటో పేపర్ మీద ప్రింట్ తీసి, వెనకవైపు పొరలు ఒలిచి పలచన చేసి, అంచులకు స్కెచ్ పెన్నుతో రంగు అద్ది జిగురుతో అంటిస్తే డెకాల్ కంటే అదే సహజంగా ఉంటుంది. స్టేషన్ బోర్డు కూడా అంతే. లేత రంగు మీద నల్ల అక్షరాలు ఎక్కడున్నా మీ దగ్గరున్న ట్రాన్స్‌పరెంట్ పేపర్ భేషుగ్గా పనికొస్తుంది.

కొన్ని బోగీల చివర కిటికీల పైన వేసే పసుపు ఏటవాలు చారలు ప్రింటే చేయొద్దు. ఖాళీ డెకాల్ పేపర్ ముక్క మీద పసుపు పెయింట్‌ను పలచగా స్ప్రే చేసి, ఆరాక స్టీలు స్కేలు పెట్టి సన్నటి పట్టీలుగా కోయండి. నీళ్లలో ముంచితే డెకాల్ లాగే జారుతుంది, రంగు మాత్రం అసలు పెయింటే కాబట్టి నీలాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కోయడానికి మెడికల్ షాపులో దొరికే 11 నంబర్ సర్జికల్ బ్లేడు వాడండి. స్టేషనరీ కట్టర్‌తో అంచు చిరుగుతుంది.

ఇంట్లో ఇంక్‌జెట్‌తో ప్రింట్ తీసేవి ఎందుకు కారాయో చెప్తాను. ఆ ఇంకు నీళ్లలో కరిగే రకం. ప్రింట్ తీశాక ఒక రాత్రంతా ఆరనివ్వాలి. తర్వాత క్లియర్ యాక్రిలిక్ స్ప్రేను రెండు మూడు పలచటి పూతలుగా కొట్టాలి. మొదటి పూత మంచు తుంపర పడినట్టు దూరం నుంచి వేయండి. దగ్గర నుంచి తడిసేలా కొడితే ఆ స్ప్రేలోని ద్రావకమే ఇంకును పాకించేస్తుంది. పూతలు ఎక్కువైతే పొర మందమై అంచు కనబడుతుంది, తక్కువైతే మళ్లీ కారుతుంది. ఇంకొకటి, మీ దగ్గరున్నది ఇంక్‌జెట్ డెకాల్ పేపరైతే దాన్ని ఎవరి లేజర్ ప్రింటర్లోనూ పొరపాటున కూడా పెట్టకండి. లేజర్ లోపల టోనర్‌ను కరిగించే రోలర్ 180–200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దానికి తట్టుకోని పొర కరిగి రోలర్‌కు చుట్టుకుంటే షాపువాళ్లు మిమ్మల్ని మళ్లీ లోపలికి రానివ్వరు.

ఇక మెరిసే పొర సంగతి. మోడల్ రైళ్ల వాళ్లు దీన్ని సిల్వరింగ్ అంటారు. మీరు బోగీకి మ్యాట్ పెయింట్ వేసి ఉంటారు. మ్యాట్ అంటే ఉపరితలమంతా కంటికి కనబడని గుంతలు. డెకాల్ ఆ గుంతల మీద పరుపులా పడుకుంటుంది, అడుగున గాలి చిక్కుకుంటుంది. ఆ గాలే వెలుతురుకు తెల్లగా మెరుస్తుంది. అంటించాక ఎంత నొక్కినా పోదు, అంటించకముందే చేయాల్సిన పని ఇది. అక్షరాలు వచ్చే చోట, కుదిరితే బోగీ అంతటా, గ్లాసీ (మెరిసే) క్లియర్ వార్నిష్ కొట్టి ఒకటి రెండు రోజులు గట్టిపడనివ్వండి. వేలితో రాస్తే అద్దంలా జారాలి. త్రీడీ ప్రింట్ కాబట్టి పొరల గీతలు మిగిలి ఉంటే గ్లాసీ క్లియర్ కూడా వాటిని దాచలేదు. ఆ నంబర్ వచ్చే జాగా వరకైనా 800 నంబర్ వాటర్ పేపర్‌తో నీళ్లు పెట్టి రుద్ది మళ్లీ రంగు వేసుకోవాలి. విసుగే, కానీ దీనికి అడ్డదారి లేదు.

ఇప్పుడు అంటించడం. డెకాల్‌ను అక్షరం అంచుకు వీలైనంత దగ్గరగా కత్తిరించండి, మూలలు గుండ్రంగా కోయండి. ఖాళీ పొర ఎంత తక్కువుంటే మెరవడానికి అంత తక్కువ. నీళ్లు బోరువి వద్దు, ఆరాక ఉప్పు మరకలు తేలుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. గోరువెచ్చగా చేసి, పట్టకారుతో డెకాల్‌ను పట్టుకుని పది పదిహేను సెకన్లు ముంచి, తీసి తడి టిష్యూ మీద పెట్టండి. నీళ్లలోనే వదిలేసి అది తేలేదాకా చూడొద్దు, అడుగున ఉన్న జిగురంతా నీళ్లలో కలిసిపోతుంది. ఒక నిమిషం ఆగి కుంచె మొనతో మెల్లగా తోస్తే పొర కాగితం మీద కదులుతుంది. అప్పుడు కాగితంతో సహా బోగీ దగ్గరికి తీసుకెళ్లి, కాగితాన్ని పక్కకు లాగేస్తూ పొరను దాని చోటులోకి జార్చాలి.

పెట్టబోయే చోట ముందే ఒక చుక్క మైక్రో సెట్ (డెకాల్ అతుక్కోవడానికి రాసే ద్రవం) రాయండి. అది దొరక్కపోతే తెల్ల వెనిగర్‌లో నీళ్లు కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, మైక్రో సెట్ మూత తీసినా వచ్చేది వెనిగర్ వాసనే. కిటికీ కింద అంచుకు సమాంతరంగా ఉందో లేదో చూసుకుని, టిష్యూ మొన ఆనించి నీటిని పీల్చండి, రుద్దొద్దు. పూర్తిగా కుదిరాక పైన మైక్రో సోల్ పలచగా రాయండి. ఇది పొరను మెత్తబరిచి పెయింట్‌కు హత్తుకునేలా చేస్తుంది. రాసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడి పాడైపోయినట్టు కనబడుతుంది. టెన్షన్ పడి వేలు పెట్టకండి, దాని మానాన దాన్ని వదిలేస్తే ఆరేసరికి చదునవుతుంది. ఎక్కడైనా బుడగ మిగిలితే సన్న సూదితో గుచ్చి మళ్లీ ఒక చుక్క వేయండి. మైక్రో సోల్ బదులు థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటివి మాత్రం వద్దు. అవి డెకాల్‌తో పాటు కింది రంగును కూడా లేపేస్తాయి.

ఈ మందులన్నీ అన్ని పొరలతోనూ ఒకేలా ఉండవు. స్క్రీన్ ప్రింట్ చేసింది తట్టుకున్నంత మీ స్ప్రే పూత తట్టుకోకపోవచ్చు. కాబట్టి మొదటి డెకాల్ బోగీ మీద పెట్టకండి. ఒక ప్లాస్టిక్ స్పూనుకు అదే నీలం, అదే గ్లాసీ క్లియర్ కొట్టి దాని మీద మొత్తం తంతు నడిపించండి. స్పూను వంపు మీద కుదిరిన డెకాల్ చదునుగా ఉన్న బోగీ పక్క మీద ఎలాగూ కుదురుతుంది.

అన్నీ ఆరాక తడి బట్టతో జిగురు మరకలు తుడిచి, మర్నాడు మ్యాట్ గానీ శాటిన్ గానీ క్లియర్ కొడితే మెరుపూ, డెకాల్ అంచూ రెండూ కలిసిపోతాయి. వర్షం పడే రోజున మాత్రం స్ప్రే చేయకండి. గాలిలో తేమ ఎక్కువుంటే క్లియర్ పాలలా తెల్లబారుతుంది. ముదురు నీలం మీద అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

విదేశీ ఆర్డర్ గురించి అడిగారు. అమెరికాలో మైక్రోస్కేల్, ఇంగ్లండులో ఫాక్స్ ట్రాన్స్‌ఫర్స్, రైల్‌టెక్ లాంటివి మంచి పేరున్నవే. కానీ వాళ్ల షీట్లు వాళ్ల రైళ్లవి. మన దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు ఎవరు చేసినా మీరే గీసి ఇవ్వాలి. ఆ గీసే పని అయిపోయాక మిగిలింది ఒక్క రంగు అచ్చు. దానికోసం సముద్రాలు దాటించడం ఎందుకు? తర్వాత ఎప్పుడైనా మూడు నాలుగు రంగుల లోగో ఉన్న ఇంజిన్ చేస్తే అప్పుడు ఆలోచించండి. కస్టమ్ పని తీసుకునే ఎవరికైనా ఫైల్ పంపేముందు తెల్ల ఇంకు వేస్తారా అని అడగండి, తెలుపును విడి లేయర్‌గా ఇవ్వండి. ఆ తెల్ల లేయర్‌ను పై రంగు కంటే చుట్టూ 0.05 మిల్లీమీటర్లు లోపలికి కుదించాలి. లేదంటే రెండు అచ్చులు వెంట్రుకంత పక్కకు జరిగినా అక్షరం చుట్టూ తెల్ల గీత బయటపడుతుంది.

నంబర్లు ఊహించి వేయకండి. మీరు చేస్తున్న కాలపు బోగీల ఐదంకెల నంబర్‌లో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం, మిగతా మూడు రకాన్ని చెప్తాయి. స్లీపర్లవి 200, 300ల్లో, జనరల్ బోగీలవి 400, 500ల్లో, గార్డు గది ఉండే ఎస్‌ఎల్‌ఆర్‌వి 700ల్లో ఉంటాయి. ఐసీఎఫ్ డిజైన్ బోగీల తయారీ 2018లోనే ఆగిపోయింది కాబట్టి ఆ తర్వాతి సంవత్సరం వేస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. మీ బాక్స్‌ఎన్ వ్యాగన్లకు పదకొండు అంకెలుంటాయి. వ్యాగన్ రకం రెండు, జోన్ రెండు, సంవత్సరం రెండు, వరస సంఖ్య నాలుగు, చివరిది సరిచూసుకునే అంకె. మొదటి పది అంకెల్లో సరి స్థానాల్లో ఉన్నవి కూడి మూడుతో గుణించి, బేసి స్థానాల్లో ఉన్నవి కలపండి. వచ్చిన మొత్తం తర్వాతి పదికి చేరడానికి ఎంత కావాలో అదే పదకొండో అంకె. 87 రెట్లు చిన్నదైన వ్యాగన్ మీద దీన్ని ఎవరూ లెక్క కట్టి చూడరు, అయినా తప్పు నంబర్ వేయడానికైనా అంతే ఖర్చు కదా.

మీ నాలుగు బోగీల్లో ఎస్‌ఎల్‌ఆర్ ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. లేకపోతే ముందు అదొకటి చేయించండి. మీ నాన్నగారు కూర్చున్నది అందులోనే కదా (2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు). దాని వెనక గోడ మీద వేసే పెద్ద ఎక్స్ గుర్తుకు ప్రింట్ అక్కర్లేదు, చారల కోసం కోసిన పసుపు పట్టీల్లో రెండు చాలు. ఎల్‌వి బోర్డు (ఇదే చివరి బోగీ అని తెలిపేది) కాగితం మీద ప్రింట్ తీసి సన్న రాగి తీగతో వేలాడదీయండి. ఆయన డ్యూటీ చేసిన రోజుల్లో ఆ బోర్డు ఏ పక్కన తగిలించేవారో, గార్డు తలుపు మీద ఏం రాసి ఉండేదో ఆయన్నే అడగండి. షీట్ స్క్రీన్‌కు ఇచ్చేముందే అడిగితే ఆ అక్షరాలు కూడా అందులోనే పడిపోతాయి.